రెండు దేశాల మధ్య అటూ ఇటూ కానితనం జబ్బా? టెక్సాస్ నుంచి వచ్చిన ప్రశ్నకు నా జవాబు

మీ ఉత్తరం నిదానంగా చదివాను. మిగతావాళ్ళకి అర్థం కావడానికి ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. మీది గుంటూరు బ్రాడీపేట. 2011 నుంచి టెక్సాస్‌లో ఉంటున్నారు, వయసు నలభై దాటింది. కిందటేడాది నాన్నగారు పోయారు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది కాబట్టి, వస్తే మళ్ళీ ఎప్పటికి వెళ్ళగలరో తెలియక ఆగిపోయారు. దహనం ఫోన్లో చూశారు. తలకొరివి మీ బాబాయి గారి అబ్బాయి పెట్టాడు. కొన్ని నెలలకి స్టాంపింగ్ కుదిరి ఇంటికి వచ్చేసరికి అందరూ ఏడవడం అయిపోయి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు, మీరొక్కరే చుట్టంలా మిగిలారు. తిరిగి వెళ్ళాక సరిగా నిద్ర లేదు, భార్యతో మాటా మాటా పెరుగుతోంది, పదేళ్ళ కూతురు "మీ ఇండియా" అంటే ప్రాణం చివుక్కుమంటోంది. స్నేహితులకి చెప్పుకుంటే "నీకేం తక్కువరా" అంటున్నారు. ఇది డిప్రెషనా, ఉద్యోగం వదిలేసి వచ్చేయమంటారా అని అడిగారు.

నేను విజయవాడలో చాలా ఏళ్ళుగా సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు ఎక్కువ. సెలవులకి వచ్చిన పిల్లలు కూడా, తిరుగు ప్రయాణానికి ముందు, ఇంట్లో చెప్పకుండా వస్తుంటారు. కాబట్టి మీరు రాసింది నాకు రెండు వైపుల నుంచీ తెలిసిన సంగతి. సూటిగా చెప్తున్నాను: మీకున్నది ముందుగా దుఃఖం. అందులో నాన్నగారు పోయిన దుఃఖం ఒక భాగమే. 2011 నుంచి పేరుకుంటూ వచ్చింది మరొకటుంది. దాన్ని దుఃఖమని ఎవరూ ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోలేదు. నాన్నగారి మరణంతో రెండూ కలిసి ఒక్కసారిగా మీద పడ్డాయి.

ఆ "నీకేం తక్కువ" అన్న మాట దగ్గర్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ హాని చేస్తున్నది అదే. 1989లో కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు, చుట్టూ ఉన్న సమాజం గుర్తించని దుఃఖం గురించి రాశాడు. మనిషికి నష్టం నిజంగానే జరిగి ఉంటుంది, కానీ "అది నష్టమే కాదు" అని నలుగురూ తేల్చేస్తారు. పరామర్శించేవాళ్ళు ఉండరు, కూర్చుని ఏడవడానికి చోటు ఉండదు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వలస విషయంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఇక్కడ అమెరికా వెళ్ళడమంటే గెలుపు. పెళ్ళిసంబంధం మాట్లాడేటప్పుడు ముందు చెప్పే మాట అదే. గన్నవరం ఎయిర్‌పోర్టు దాకా కార్లు వేసుకుని వెళ్ళి సాగనంపుతారు, స్వీట్లు పంచుతారు. ఊరంతా పండగ చేసుకున్నదాని గురించి "నాకు కష్టంగా ఉంది" అంటే కృతఘ్నుడిలా వినిపిస్తుంది. అందుకని వెళ్ళినవాడు చెప్పడు, పంపినవాళ్ళు అడగరు.

బెంగ పెట్టుకుంటే మనిషి చిక్కిపోతాడని మన అమ్మమ్మలకి ఎప్పుడో తెలుసు. పరాయి దేశాల్లో ఉన్న స్విస్ వాళ్ళు ఇంటిమీద బెంగతో మంచం పట్టడం గురించి 1688లోనే యోహాన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి సిద్ధాంత వ్యాసం రాశాడు. అంటే ఇది మీ ఒక్కరి మెత్తదనం కాదు.

అసలు మీరు పోగొట్టుకున్నదేమిటి? బార్సిలోనాలో వలసదారులకు చికిత్స చేసే సైకియాట్రిస్టు జోసెబా అచోతెగి వలసలో ఏడు రకాల నష్టాలుంటాయని చెప్పాడు: కుటుంబం, భాష, సంస్కృతి, నేల, సామాజిక హోదా, సొంత జనంతో సంబంధం, శరీర భద్రత. ఆయన ప్రధానంగా మాట్లాడింది కాగితాలు లేక, నీడ లేక, ప్రాణభయంతో బతికే వలసదారుల గురించి. మీ పరిస్థితి అది కాదు, దాన్ని దీనితో సమానం చేయడం వాళ్ళకి అన్యాయం. అయినా ఆ పట్టికలో భాష, హోదా అనే రెండింటి దగ్గర మిమ్మల్ని కాసేపు ఆగమంటాను.

ఆఫీసులో మీ ఇంగ్లీషుకి ఏ లోటూ ఉండకపోవచ్చు. కానీ వేళాకోళం ఆడడం, గదమాయించడం, సగం మాట చెప్పి మిగతాది ఎదుటివాడికి వదిలేయడం, ఇవన్నీ మీరు నేర్చుకున్నది బ్రాడీపేట అరుగుల మీద. అక్కడ మీరు మర్యాదగా, జాగ్రత్తగా మాట్లాడే మనిషి. ఇక్కడ నోరున్న మనిషి. ఒక్క ప్రయాణంలో ఒక మనిషి ఇంకో మనిషి అయిపోతే, ఆ మొదటివాడు ఏమయ్యాడన్న బెంగ ఉండదా?

హోదా అంటే జీతం కాదు. గుంటూరులో మీరు ఎవరికీ పరిచయం చేసుకోనక్కర్లేదు. "ఫలానా మాస్టారి పెద్దబ్బాయి" అంటే చాలు, మీ తాత దగ్గర్నుంచి మీ పదో తరగతి మార్కుల దాకా ఎదుటివాళ్ళకి తెలుసు. అక్కడ మీ నాన్నగారిని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆయన పోయారన్న కబురు ఆఫీసులో చెప్పినప్పుడు వాళ్ళు మంచి మాటలే చెప్పి ఉంటారు. కానీ "అయ్యో, ఆయన చేతి రాత ఎంత బాగుండేది" అనగలిగినవాళ్ళు లేరు. పోయిన మనిషిని ఎరగనివాళ్ళ మధ్య ఏడవడం ఎంత కష్టమో నేను చాలామంది దగ్గర విన్నాను. ఇక్కడికి వచ్చేసరికి ఎరిగినవాళ్ళంతా అప్పటికే ఏడ్చేసి ఉన్నారు.

వెళ్ళినవాళ్ళు ఏది కోల్పోయామో సరిగ్గా చెప్పలేకపోవడానికి ఒక కారణం ఉంది. పాలీన్ బాస్ అనే కుటుంబ చికిత్సకురాలు 1970ల్లో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను దగ్గరగా చూసింది. మనిషి పోయాడని తేలదు, ఉన్నాడనీ తేలదు. అలాంటప్పుడు దుఃఖం మొదలవదు, ముగియదు. వలస కూడా ఈ కోవలోదే. మీ ఇల్లు ఉంది, అందులో మీరు లేరు. మీ అమ్మగారికి కొడుకు ఉన్నాడు, ఇంట్లో లేడు. రోజూ ఫోన్లో కనిపిస్తాడు కాబట్టి లేడని ఏడవడానికీ వీల్లేదు. ఏళ్ళ తరబడి అలా నడిచిన ఇంట్లో నిజమైన మరణం వచ్చినప్పుడు, అది కూడా ఫోన్లోనే కనిపిస్తే, మనసు దాన్ని పాత లెక్కలోనే వేసేస్తుంది: నాన్న ఉన్నారు, ఫోన్‌కి అవతల. మీరు రాశారు చూడండి, ఇప్పటికీ ఆదివారం పొద్దున చెయ్యి దానంతట అదే ఆయన నంబరు వైపు వెళ్తోందని. అది పిచ్చి కాదు. మీ మనసుకి మరణం ఇంకా అందలేదు.

ఫోన్‌కి ఇవతలి వైపు ఏం జరుగుతుందో మీరు ఎప్పుడూ చూసి ఉండరు కాబట్టి చెప్తున్నాను. ఒక తల్లి ఇంటికి ఒకసారి వెళ్ళాల్సి వచ్చింది. కొడుకు కాల్ చేసే వేళ అయ్యింది. ఆవిడ లేచి మొహం కడుక్కుని, పౌడరు అద్దుకుని, బల్ల మీదున్న మందుల డబ్బా, బీపీ మిషను తీసి సోఫా వెనక్కి పెట్టింది. నొప్పిగా ఉన్న మోకాలికి చుట్టుకున్న గుడ్డ విప్పేసింది. కాల్ మొత్తం "బానే ఉన్నాం నాన్నా, తిన్నావా" అనే సాగింది. పెట్టేశాక గుడ్డ మళ్ళీ చుట్టుకుంది. ఆ కొడుకు కూడా, నా అంచనా ప్రకారం, అవతల ఏదో ఒకటి కెమెరాకి కనపడకుండా జరిపే ఉంటాడు. రెండు వైపులా ప్రేమతోనే దాస్తారు. దాని ఫలితంగా ఇద్దరి దుఃఖమూ ఎదుటివాళ్ళకి తెలియకుండా ఉండిపోతుంది.

"నేను రాలేదు" అన్న అపరాధభావం గురించి. ఇందులో మీ మనసుకి సంబంధించింది కొంత, మీ చేతిలో లేనిది చాలా. అమెరికా ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదన్న పరిమితి 1990 చట్టం నుంచి ఉంది. భారతదేశమంత జనాభా ఉన్నా, చిన్న దేశమైనా పరిమితి ఒకటే. అందుకే మనవాళ్ళు క్యూలో ఏళ్ళకేళ్ళు ఉంటారు, ఇల్లు కొనుక్కుంటారు, పిల్లల్ని కంటారు, అయినా ప్రతి ప్రయాణమూ స్టాంపింగ్ తేదీ మీద ఆధారపడి ఉంటుంది. తండ్రి మరణవార్త విన్న మనిషి ముందుగా కాన్సులేట్ స్లాట్లు వెతుక్కోవలసి రావడం ఆ చట్టం చేసిన పని. ఆ రాత్రి మీరు ఆగిపోయింది భార్య, కూతురు, ఇల్లు అన్నీ అక్కడ ఉన్నాయి కనుక. దాన్ని కొడుకుగా విఫలమవడం అనకండి. మీకు రెండు చోట్లా బాధ్యత ఉంది, వ్యవస్థ ఒక్క చోటే నిలబడనిచ్చింది.

మీ దుఃఖానికి క్రియ జరగలేదు. నేను దీన్ని భక్తితో చెప్పడం లేదు, వృత్తిలో చూసినదాన్ని బట్టి చెప్తున్నాను. దూరాన ఉన్నవాడి సంగతి మన పెద్దలు ఆలోచించకుండా వదిలేయలేదు. మనుస్మృతి ఐదో అధ్యాయంలోనే ఉంది: దూరదేశంలో అయినవాళ్ళు పోయిన కబురు పది రోజుల లోపు అందితే మిగిలిన రోజులు మైల పట్టాలి, పది దాటాక అందితే మూడు రాత్రులు, ఏడాది దాటితే స్నానం. ఆ లెక్కలు ఇవాళ ఎవరు ఎంత పాటిస్తారన్నది వేరే సంగతి. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది, కబురు అందిన రోజు నుంచి వాడికీ ఒక గడువు ఇచ్చారు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి "అయిపోయింది, ఇంక నువ్వెందుకు" అనలేదు. మీ విషయంలో ఇంట్లోవాళ్ళు పన్నెండో రోజుతో అంతా అయిపోయిందనుకున్నారు. మీరు కూడా వాళ్ళ తేదీల్నే మీ తేదీలుగా తీసుకున్నారు.

అందుకని నా మొదటి సలహా: వచ్చే ఆబ్దికం మీ చేతుల మీదుగా పెట్టండి. వీలైతే ఇక్కడికి వచ్చి కృష్ణ ఒడ్డున, దుర్గాఘాట్‌లోనో సీతానగరం వైపునో. కుదరకపోతే అక్కడే, పురోహితుడితోనో పురోహితుడు లేకుండానో. నమ్మకం లేకపోతే మంత్రాలు మానేయండి, కానీ పని మానకండి. బియ్యం కడగడం, ఆయనకి ఇష్టమైన కూర వండడం, నలుగుర్ని పిలిచి భోజనం పెట్టి ఆయన గురించి మాట్లాడించడం. బాబాయి గారి అబ్బాయిని ఒక్కడినే కూర్చోబెట్టి ఆ రోజు మొదటి నుంచి చివరి దాకా ఏం జరిగిందో చెప్పమనండి: కట్టెలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎవరెవరు మోశారు, ఎండ ఎలా ఉంది, అమ్మ ఎక్కడ కూర్చుంది. ఫోన్లో కనిపించని చుట్టూరా ఉన్నదంతా వినండి. అతనికీ ఇది అవసరమే. వేరొకరి స్థానంలో నిలబడి తలకొరివి పెట్టిన కుర్రాడు దాని గురించి ఎవరితో మాట్లాడి ఉంటాడు?

దుఃఖం అంటే పోయినవాళ్ళని వదిలించుకోవడమని ఒకప్పుడు మా వృత్తిలోనే అనుకునేవాళ్ళు. 1996లో డెనిస్ క్లాస్, ఆయన తోటి పరిశోధకులు దాన్ని గట్టిగా ప్రశ్నించారు. బంధం తెగదు, రూపం మార్చుకుని కొనసాగుతుందన్నారు. ఏటా తద్దినం పెట్టే జాతికి ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఇక మీ ఇంట్లో గొడవల సంగతి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యం నన్ను పట్టి ఆపింది: "మా ఆవిడ ఇక్కడ ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేసేది, అక్కడ కొన్నేళ్ళు ఊరికే ఉంది." ఊరికే ఉండటం కాదండీ. హెచ్-1బి అనే ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ వెంట డిపెండెంట్ వీసా మీద వెళ్ళిన భార్యలకి 2015 దాకా పనిచేసే అనుమతే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్ కార్డు కాగితాలు ఒక దశకు వచ్చినవాళ్ళకే దొరికింది. క్లాసులో అరవై మంది "మేడం" అని లేచి నిలబడే మనిషి, బ్యాంకు అకౌంటుకి కూడా మీ సంతకం మీద ఆధారపడింది. ఆవిడ నష్టానికి ఏ పరామర్శ దొరికింది? ఇప్పుడు మీ దుఃఖం చూసి ఆవిడ విసుక్కుంటోందంటే, తన దుఃఖానికి ఎప్పుడూ దొరకని చోటు మీకు దొరుకుతోందన్న కోపం అందులో ఉండొచ్చు. ఒకసారి అడగండి. అడిగి, సమాధానం చెప్పకుండా వినండి.

జాన్ బెర్రీ అనే కెనడా సైకాలజిస్టు వలసదారులు నాలుగు దారుల్లో ఒకటి పడతారన్నాడు: రెండు సంస్కృతులనీ పట్టుకోవడం, కొత్తదాంట్లో కలిసిపోవడం, పాతదాన్నే అంటిపెట్టుకోవడం, దేనికీ చెందకుండా అంచున మిగిలిపోవడం. మొదటిది సాధారణంగా మేలని ఆయన చెప్పినా, అది వలసదారు ఒక్కడి చేతిలో లేదని, వచ్చిన సమాజం చోటిస్తేనే సాధ్యమని కూడా చెప్పాడు. ఆ రెండో మాటని మనవాళ్ళు మర్చిపోతుంటారు. పైగా ఒకే ఇంట్లో నలుగురు నాలుగు దారుల్లో ఉంటారు. మీ అమ్మాయి పుట్టిందే అక్కడ. ఆ పిల్ల "మీ ఇండియా" అన్నది నిజమే, మీ ఇండియానే. ఆ పిల్లకి కూచిపూడి నేర్పించి మీ నష్టాన్ని పూడ్చుకోవాలని చూడకండి. తాతయ్య ఎలా నవ్వేవారో, చెప్పు తెగితే ఎలా కుట్టించుకుని మళ్ళీ అదే వేసుకునేవారో చెప్పండి. ఆయన ఆ పిల్లకి తాతయ్య కదా, ఆ వరుస మాత్రం తనదే.

ఫిలడెల్ఫియాలో పనిచేసిన భారతీయ సైకోఎనలిస్టు సల్మాన్ అఖ్తర్ 1995లో ఒక సంగతి బాగా పట్టుకున్నాడు. వలస వెళ్ళినవాడు ఒక దేశాన్ని పూర్తిగా మంచిదిగా, ఇంకోదాన్ని పూర్తిగా చెడ్డదిగా చూస్తాడు, మళ్ళీ తిరగేస్తాడు. డాలస్‌లో ఉన్నప్పుడు "మన ఊళ్ళో అయితేనా" అంటారు. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కోగానే "ఇక్కడ మనుషులు బతుకుతారా" అంటారు. రెండింటి మంచీ చెడూ ఒకేసారి కళ్ళెదుట పెట్టుకోగలిగే దాకా మనిషి కుదురుకోడు. దానికి ఏళ్ళు పడుతుంది, ఒక దుఃఖం వచ్చినప్పుడు కొంత వెనక్కి కూడా వెళ్తుంది. ఇప్పుడు మీకు జరుగుతున్నది అదే.

ఒక పాత సంగతి కూడా మీకు గుర్తు చేస్తాను. మన ప్రాంతానికి వలస కొత్త కాదు. నిజాంసాగర్ కాలవల కిందికి బోధన్, వర్ని వైపు, ఆ తర్వాత తుంగభద్ర ఆయకట్టుకి కర్ణాటకలోని గంగావతి, సింధనూరు వైపు గుంటూరు, కృష్ణా రైతులు వేల సంఖ్యలో వెళ్ళారు. ఆ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులంటారు. వాళ్ళూ పరాయి భాష మధ్య, ముళ్ళ కంపల మధ్య మొదలుపెట్టారు. కానీ ఒక ఊళ్ళో పది కుటుంబాలు కలిసి కదిలాయి. ఒకరి తండ్రి పోతే ఆయన్ని ఎరిగినవాళ్ళు పక్క గుడిసెలోనే ఉన్నారు. మీ తరం డిగ్రీ చేతపట్టుకుని ఒక్కొక్కరుగా వెళ్ళింది. తేడా అంతా ఇక్కడుందని నా అభిప్రాయం. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా 1977లో మొదలైనప్పటి నుంచీ తెలుగు సంఘాలు ఆ లోటు తీర్చాలనే చూస్తున్నాయి, చాలా సాయమూ చేస్తున్నాయి, ముఖ్యంగా అక్కడ ఎవరైనా చనిపోతే. కానీ పెద్ద సభల్లో మనిషి తన గెలుపునే వేసుకుని వస్తాడు. మీకిప్పుడు కావలసింది మీ జిల్లా నుంచి వచ్చిన నాలుగైదు ఇళ్ళు, నెలకోసారి ఎవరింట్లోనో నేల మీద కూర్చుని తినడం, తల్లిదండ్రుల గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవడం. అందులో సగం మంది మీలాగే ఫోన్లో దహనం చూసినవాళ్ళే ఉంటారు. మొదట ఒకరు నోరు విప్పాలి.

వచ్చేయాలా అన్నదానికి: ఇప్పుడు నిర్ణయించకండి. ఏడాది తిరిగే దాకా పెద్ద నిర్ణయాలు వాయిదా వేయమని మేం సాధారణంగా చెప్తాం, ఎందుకంటే ఈ దశలో మనిషి ఊరికి కాదు, ఆ పాత రోజులకి తిరిగి రావాలనుకుంటాడు. మీరొదిలి వెళ్ళిన గుంటూరు ఇప్పుడు లేదు. తుళ్ళూరు, మందడం వైపు చూడండి, 2015లో రాజధాని భూసమీకరణ మొదలయ్యాక ఊరు దాటని రైతులే తమ పొలం గట్టు ఎక్కడుండేదో చూపించలేకపోతున్నారు. తిరిగి రావడం కూడా వలసే, దానికీ కుదురుకునే కాలం కావాలి. అది తెలిసే రావాలనుకుంటే రండి, హాయిగా ఉన్నవాళ్ళని నేను చూశాను.

అమ్మగారి విషయంలో మాత్రం ఆవిడ తరఫున మీరే తేల్చేయకండి. విజిటర్ వీసా మీద ఆరు నెలలకి తీసుకెళ్తే, కారు నడపలేని, పక్కింటివాళ్ళ భాష రాని ఇంట్లో ఆవిడ కూడా వలసదారే అవుతుంది, అదీ భర్త పోయిన ఏడాదిలో. గుడి, పూలమ్మాయి, సాయంత్రం వచ్చి కూర్చునే పక్కింటావిడ, ఇవే ఆవిడని నిలబెడుతుండొచ్చు. ఏం కావాలో అడగండి. "బానే ఉన్నాను" అంటే ఆగకుండా, ముందు మీకు నిద్ర పట్టడం లేదన్న సంగతి మీరే చెప్పండి.

చివరిగా మీరడిగిన డిప్రెషన్ సంగతి. రోజులో ఎక్కువ భాగం దిగులు లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకి మించి ఉండి, దాంతోపాటు నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే అది పరీక్ష చేయించుకోవలసిందే, దుఃఖంలో ఉన్నా సరే. నష్టం జరిగి ఏడాది దాటినా అదే తీవ్రతతో రోజూ వేధిస్తుంటే దానికి దీర్ఘకాలిక శోక రుగ్మత అని ఇప్పుడు విడిగా నిర్ధారణ ఉంది, 2022లో అమెరికా వాళ్ళ నిర్ధారణ గ్రంథంలో చేర్చారు, దానికి ప్రత్యేకమైన చికిత్స కూడా ఉంది. మీ నిద్రలేమి నెలలుగా నడుస్తోంది కాబట్టి ఈ వారంలోనే మీ డాక్టరుకి చెప్పండి. అమెరికాలో థెరపిస్టుకి మీరుండే రాష్ట్రం లైసెన్సు ఉండాలి, అందుకని నేను ఇక్కణ్ణుంచి మీకు చికిత్స చేయలేను. టెక్సాస్ లైసెన్సు ఉండి తెలుగు మాట్లాడేవాళ్ళ కోసం వెతకండి, దొరక్కపోతే వలస కుటుంబాలతో పనిచేసిన అనుభవం ఉందా అని అడిగి ఎంచుకోండి. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడు వచ్చినా అక్కడ 988కి ఫోన్ చేయండి. అమ్మగారికి ఇక్కడ మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలీమానస్ 14416 ఉంది, ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ఆవిడ ఫోన్లో సేవ్ చేసి పెట్టమని బాబాయి గారి అబ్బాయికి చెప్పండి.